నిలిచిన బండి - ఊరి గేటు

నోయిడాలో నివసించు తెలుగు కుటుంబములకు రైలు ప్రయాణమనగానే న్యూఢిల్లీ స్టేషనో, హజ్రత్ నిజాముద్దీనో స్మృతికి వచ్చును. స్వస్థలమునకు పోవు బండ్లు అచ్చటినుండియే బయలుదేరును. కాని ఈ నగరమునకు తూర్పున, కొద్ది దూరములోనే, ఢిల్లీ-హౌరా ప్రధాన మార్గము సాగుచున్నది. మారీపత్, దాద్రీ, బోడాకీ అను స్టేషన్లు ఆ దారిలోనివే. ఈస్టిండియన్ రైల్వే కంపెనీవారు ఈ మార్గమును 1860 తరువాతి దశకములో నిర్మించిరి. నోయిడా ఏర్పడినది 1976 ఏప్రిల్ 17వ తేదీన. అనగా పట్టాలు వచ్చిన నూరేండ్లు దాటిన పిమ్మట నగరము వచ్చినది. అంతవరకు ఈ ప్రాంతమంతయు పొలములు, పల్లెలు. పట్టాలను దాటినవి ఎడ్లబండ్లు, పశువుల మందలు.

నేడు దాద్రీలో బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము కలదు. కంటెయినర్ల డిపో కలదు. వాటికొరకు వచ్చు గూడ్సు బండ్లు నడచునంత సేపు నడచి, తక్కిన కాలము పక్కపట్టాలపై నిలిచియుండును. పరుగెత్తు బండిని చూచి జనులు భయపడుదురు. నిలిచిన బండిని చూచి భయపడు వారు అరుదు. రైల్వేల చరిత్ర మాత్రము వేరొక పాఠము చెప్పుచున్నది. బండిని ఆపుట ఒక పని. ఆపిన బండిని ఆపియుంచుట మరియొక పని. ఈ రెండవ పనిని మరచిన చోట్ల అపార ప్రాణనష్టము కలిగినది.

నిలిచిన బండివలన ఊరి గేటు దగ్గర కలుగు ఆపదలు మూడు విధములు. మొదటిది, అది తనంత తాను కదలుట. ఉక్కు చక్రము ఉక్కుపట్టాపై దొర్లునపుడు ఒరపిడి అత్యల్పము. కంటికి కనబడని వాలు చాలును. అందుచేతనే స్టేషను యార్డులలో వాలు 400 మీటర్లకు ఒక మీటరును మించరాదనియు, సాధ్యమైనచో 1200 మీటర్లకు ఒక మీటరుగా ఉంచుట మేలనియు భారతీయ రైల్వేల ప్రమాణములు నిర్దేశించుచున్నవి. రెండవది, గేటు పక్కన నిలిచిన పెట్టెలు అవతలి పట్టాపై వచ్చు బండిని మరుగుపరచుట. మూడవది, దారి మూసికొనిపోయెనని విసిగిన జనులు పెట్టెల క్రిందినుండి దూరుట. ఇంజను ఏ క్షణమున లాగునో దూరువానికి తెలియదు. దూరువాడున్నాడని డ్రైవరుకు తెలియదు.

మొదటి ఆపద ఎంత ప్రాచీనమో ఐర్లండులోని ఆర్మా దుర్ఘటన తెలుపుచున్నది. 1889 జూన్ 12వ తేదీన బాలబాలికలతో విహారయాత్రకు బయలుదేరిన బండి ఎత్తు నెక్కలేక నిలిచిపోయెను. సిబ్బంది దానిని రెండు ముక్కలు చేసి, ముందు భాగమును మాత్రము కొనిపోదలచిరి. వెనుక పెట్టెలను ఆపుటకు బ్రేకు వానుయొక్క చేతి బ్రేకును, చక్రముల క్రింద పెట్టిన రాళ్లును ఆధారమైనవి. ముందు భాగము ఒకింత వెనుకకు జరిగి తాకినంతనే రాళ్లు నలిగి, పెట్టెలు వాలున దొర్లి, వెనుక వచ్చుచున్న బండిని ఢీకొనినవి. సుమారు 80 మంది మరణించిరి. వారిలో పలువురు పిల్లలు. బండి తెగిపోయినచో తనంత తానే పట్టుకొను బ్రేకును ప్రయాణికుల బండ్లకు తప్పనిసరి చేయుచు బ్రిటిషు పార్లమెంటు ఆ సంవత్సరమే చట్టము చేసినది.

ఆ బ్రేకు గొప్ప సాధనమే. అయినను దానికొక పరిమితి కలదు. గాలి బ్రేకు పనిచేయునది గొట్టములలోను, సిలిండర్లలోను నిలువయున్న గాలిచేత. ఇంజను ఆగియున్నచో ఆ గాలి గంటల తరబడి కొద్దికొద్దిగా జారిపోవును, పట్టు సడలును. కనుక ఎక్కువసేపు నిలుపు పెట్టెలకు చేతి బ్రేకులు బిగించి, చక్రముల క్రింద కొయ్య చీలలు పెట్టి, చక్రమును పట్టాకు గొలుసుతో కట్టి తాళము వేయవలయును. ఇవన్నియు మనుష్యుని చేతితో చేయు పనులు. యంత్రమెంత పెరిగినను ఈ పనికి బదులు రాలేదు.

కెనడాలోని లాక్-మెగాంటిక్ పట్టణము ఈ సత్యమును 2013 జూలై 6వ తేదీన ఘోరముగా చవిచూచినది. 72 ట్యాంకుల ముడినూనెతో ఒక బండిని ఆ పట్టణమునకు సుమారు 11 కిలోమీటర్ల ఎగువన వాలుమార్గముపై రాత్రికి నిలిపిరి. బిగించిన చేతి బ్రేకులు ఏడు మాత్రమే. ఇంజనులో మంట పుట్టగా అగ్నిమాపక సిబ్బంది వచ్చి మంట నార్పి, ఇంజనును ఆపివేసిరి. గాలి జారిపోయినది, బండి కదలినది. మనిషి లేని ఆ బండి ఊరి నడుమ పట్టాలు తప్పి మండిపోగా 47 మంది ఆహుతి అయిరి.

మన దేశములోను హెచ్చరికలకు కొదువలేదు. విజయనగరమునుండి రాయపూరునకు పోవు మార్గములోని టిట్లాగఢ్ స్టేషనులో, 2018 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, అహమ్మదాబాదు-పూరీ ఎక్స్‌ప్రెస్ ఇంజనును మార్చుచుండగా 22 పెట్టెలు ప్రయాణికులతో సహా ఇంజను లేకయే పది కిలోమీటర్లకు పైగా దొర్లిపోయినవి. 2024 ఫిబ్రవరి 25వ తేదీ ఉదయమున జమ్మూ ప్రాంతములోని కఠువా స్టేషనులో నిలిపిన 53 వాగనుల కంకర బండి, డ్రైవరు లేకయే, సుమారు 70 కిలోమీటర్లు పరుగెత్తి, పంజాబులోని ఊంచీ బస్సీ దగ్గర ఆగినది. దారిలోని గేట్లను ముందుగా మూయించుటచేతను, పట్టాలపై ఇసుకబస్తాలు, కొయ్యదుంగలు వేయుటచేతను ప్రాణనష్టము తప్పినది. ఆ ఉదయమున ఒక్క ఊరి గేటు తెరచియుండి, దానిపై ఒక ట్రాక్టరు నిలిచియున్నచో ఏమి జరిగియుండెడిదో ఊహింపవచ్చును.

తెలుగునాటికి వచ్చినచో, 1565 తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుగొండ ఈ విషయములో రెండుమార్లు వార్తలకెక్కినది. 2012 మే 22వ తేదీ తెల్లవారుజామున హంపీ ఎక్స్‌ప్రెస్ ఆ స్టేషనులో నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొనగా ఇరువదిమందికి పైగా మరణించిరి. 2015 ఆగస్టు 24వ తేదీన ఆ ఊరి చేరువనే, మూసియున్న గేటును ఛేదించుకొని గ్రానైటు లారీ ఒకటి నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను తాకి పలువురి ప్రాణములు తీసినది. ఒకచోట నిలిచిన బండి, మరియొకచోట మూసిన గేటు. రెంటియందును ఆగవలసినది ఆగలేదు.

గేటు చరిత్రలో తెలుగువారు మరువరాని పేరు మాసాయిపేట. 2014 జూలై 24వ తేదీ ఉదయమున, మెదక్ జిల్లాలోని ఆ గ్రామము దగ్గర, కాపలా లేని గేటును దాటుచున్న బడి బస్సును నాందేడ్-సికిందరాబాదు ప్యాసింజరు ఢీకొన్నది. పదిహేనుమందికి పైగా పసివారు నేలకొరిగిరి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడి అప్పటికి రెండు నెలలైనను నిండలేదు. పసిపిల్లల పలకలు, అన్నపు డబ్బాలు పట్టాల పక్కన పడియుండగా కాపలా లేని గేట్ల విషయము దేశమంతట చర్చకు వచ్చినది. అయిదేండ్లలో లెవెల్ క్రాసింగులన్నిటిని తొలగింపవలెనని అనిల్ కకోడ్కర్ సంఘము 2012లోనే సూచించియుండెను. తుదకు 2019 జనవరి 31వ తేదీ నాటికి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లు లేకుండ చేసిరి.

కాని కాపలా యున్నంత మాత్రమున ఆపద తొలగదు. 2025 జూలై 8వ తేదీన తమిళనాటి కడలూరు దగ్గర, మనిషి యున్న గేటు మూయబడకపోవుటచేత, బడి వానులోని ముగ్గురు విద్యార్థులు మరణించిరి. గేటును సిగ్నలుతో ముడివేసిన చోట, గేటు మూయక బండికి దారి ఈయబడదు. అట్లు ముడివేయని చోట ఒక్క మనుష్యుని జ్ఞాపకమే రక్ష.

బండి మరుగువలన కలుగు ఆపదను అమెరికాలోని కొన్ని రాష్ట్రములు చట్టమునకెక్కించినవి. ఊరి దారి దాటు చోటికి నిర్ణీత దూరములోపల పెట్టెలను నిలుపరాదని అచ్చట నిబంధన కలదు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 131వ సెక్షను, కాపలా లేని గేటువద్ద వాహనమును ఆపి, సహాయకుడు దిగి ఇరుదిక్కుల చూచిన పిమ్మటనే దాటవలెనని విధించినది. పట్టాలపై అనుమతి లేక తిరుగుటను 1989 నాటి రైల్వేల చట్టము 147వ సెక్షను శిక్షార్హముగా పేర్కొన్నది. నిలిచిన బండి క్రింద దూరువారు చట్టమును కాదు, మృత్యువును మోసగింప జూచుచున్నారు.

దాద్రీ పక్కపట్టాలపై నిలిచియున్న బొగ్గు వాగనులను చూచు పిల్లలకు అవి ఆటబొమ్మలవలె తోచవచ్చును. ఆ బరువును కదలనీయక పట్టియుంచునది ఒక గొలుసు, ఒక చీల, చీకటిలో లాంతరు పట్టి వంగి బ్రేకు చక్రమును బిగించిన ఒక ఉద్యోగి శ్రద్ధ. అతని పేరు పత్రికలలో రాదు; అతడు మరచిననాడే వార్త యగును. గేటు తెరచుకొనువరకు అయిదు నిమిషములు ఓర్చి నిలుచు ప్రయాణికుడును ఆ శ్రద్ధలో భాగస్వామియే. ఆర్మానుండి కఠువావరకు నూటముప్పది యేండ్లకు పైబడిన చరిత్ర నేర్పు పాఠమిదియే: నిలిచినదానిని నిశ్చలమని నమ్మరాదు.