రోదసీ సాహిత్యంలో శ్రామికుడు

జూల్ వెర్న్ 1865లో ప్రచురించిన చంద్రయానం నవలలో ఒక పెద్ద ఫిరంగిని పోత పోయడం కోసం ఫ్లోరిడాలో బ్రహ్మాండమైన గొయ్యి తవ్వుతారు. ఆ తవ్వకంలో కొందరు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారని రచయిత ఒకచోట చెబుతాడు. ఇలాంటి వివరాలను అమెరికన్లు పెద్దగా పట్టించుకోరని ఒక చురక కూడా అంటిస్తాడు. అంతటితో సరి. ఆ తర్వాత కథ గుండులో ఎక్కి కూర్చున్న ముగ్గురు పెద్దమనుషుల వెంట పోతుంది, గొయ్యి తవ్వినవాళ్ల దగ్గరికి మళ్లీ రాదు. చురక వేయగలిగిన వెర్న్ కూడా ఆ కూలీని పాత్ర చేయలేకపోయాడన్నది సాహిత్య విద్యార్థి గమనించవలసిన సంగతి. ఆయన తర్వాత వచ్చిన రోదసీ కథల్లో చాలా భాగం ఆ చురకను కూడా వదిలేశాయి.

మినహాయింపులు లేకపోలేదు. 1908లో బొగ్దానోవ్ "ఎర్ర నక్షత్రం" రాశాడు, 1923లో అలెక్సీ తొల్‌స్తోయ్ "అయెలీతా" రాశాడు. ఈ రెంటిలోనూ అంగారక గ్రహం మీద కార్మికులున్నారు, వారి సమాజమూ వారి పోరాటమూ ఉన్నాయి. అయితే అక్కడ అంగారకుడంటే భూమికి పట్టిన అద్దం. రోదసీ యానమనే పని, అందులో బిగించాల్సిన మర, మోయాల్సిన బరువు, దాచుకోవాల్సిన జీతం, వీటితో ఆ రచయితలకు అవసరం పడలేదు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్, 1961లో గగారిన్ వెళ్లాక రోదసి నిజమైన పనిస్థలమయింది. సాహిత్యంలో మాత్రం అది వీరుల రంగస్థలంగానే చాలాకాలం నిలిచిపోయింది.

మన దేశంలో ఈ చరిత్రకు రెండు ఛాయాచిత్రాలు గుర్తుగా మిగిలాయి. తుంబా తొలిరోజుల్లో రాకెట్టు ముక్కుభాగాన్ని సైకిలు మీద తీసుకుపోతున్నది ఒకటి. 1981లో యాపిల్ ఉపగ్రహాన్ని పరీక్ష కోసం ఎద్దుల బండి మీద నిలబెట్టినది రెండోది. ఈ రెండు బొమ్మలనూ మన వక్తలు "పేదరికం నుంచి ప్రగతికి" అని చూపిస్తుంటారు. బొమ్మ కింద ఉపగ్రహం పేరు రాస్తారు కాని బండి తోలినవాడి పేరు రాయరు.

వాస్తవికత అనే మాటను వైజ్ఞానిక కథల విషయంలో మన విమర్శకులు ఎలా వాడుతున్నారు? లెక్కలు సరిపోతే వాస్తవికం, సరిపోకపోతే కల్పన, అంతే. రాకెట్టు వేగం సరిగా ఉంది, చంద్రుడి గురుత్వం ఆరో వంతు అని రచయితకు తెలుసు, కాబట్టి వాస్తవికం! ఒక పల్లెటూరి నవలను ఈ కొలతతో కొలవమంటే మనం నవ్వుతాం. నాగలి కొలతలు సరిగా ఉన్నంత మాత్రాన అది రైతు నవల కాదని ఎం.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. రోదసీ కథను మాత్రం ఆ పరీక్ష లేకుండానే పాస్ చేస్తున్నాం.

ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న రచన ఒకటి జపాన్ బొమ్మల కథల్లో నాకు దొరికింది. "బొమ్మల కథా?" అని ముఖం చిట్లించే పెద్దలుంటారు. చిత్రా, శంకర్, వపా బొమ్మలతో "చందమామ" చదివి అక్షరాలు దిద్దుకున్న జాతి మనది. అయినా బొమ్మా మాటా కలిసి నడిచే కథను విమర్శకు తగిన వస్తువుగా మనం ఎన్నడూ చూడలేదు. జపాన్‌లో పరిస్థితి వేరు. హొకుసాయ్ తన బొమ్మల పుస్తకాలకు "మాంగా" అనే పేరు 1814లోనే పెట్టాడు. యుద్ధానంతరం ఒసాము తెజుకా 1952లో మొదలుపెట్టిన మరమనిషి బాలుడి కథతో ఈ రూపం ఇంటింటికీ చేరింది. తర్వాత ఉద్యోగస్తులకు, గృహిణులకు, విద్యార్థులకు వేరువేరు వారపత్రికలు పుట్టాయి. ఇవాళ మా యాప్రాల్ బడిపిల్లలు వీటిని ఇంగ్లీషు అనువాదాల్లో, కుడి నుంచి ఎడమకు పేజీలు తిప్పుతూ, తడుముకోకుండా చదువుతున్నారు. పిల్లలు చదివేదాన్ని ఉపాధ్యాయుడు చదవకపోవడం మంచిది కాదు.

ఆ పుస్తకం పేరు "ప్లానెటెస్". రచయిత, చిత్రకారుడు మకోటో యుకిమురా. కొడాన్షా సంస్థ వారి "మార్నింగ్" పత్రికలో 1999 నుంచి 2004 దాకా వచ్చింది, నాలుగు సంపుటాలయింది. 2002లో జపాన్ వైజ్ఞానిక కథాభిమానులు ఇచ్చే సెయున్ బహుమతి పొందింది. కాలం 2070 దశకం. ఇందులో ప్రధాన పాత్రలు రోదసిలో చెత్త ఏరేవాళ్లు. పాత ఉపగ్రహాల పెంకులు, రాకెట్టు తునకలు, ఊడిపోయిన మరలు, వీటిని పోగుచేసి కక్ష్యను శుభ్రం చేయడం వారి ఉద్యోగం. వారి నౌక పాతది, దాని ముద్దుపేరు "బొమ్మల పెట్టె". వారిలో హచిరోటా అనే జపాన్ యువకుణ్ణి అందరూ "హచిమాకి" అంటారు. హచిమాకి అంటే జపాన్‌లో పనివాళ్లు నుదుటికి బిగించుకునే గుడ్డ, మన తలగుడ్డకు దగ్గరి చుట్టం. ఆ పేరులోనే రచయిత పక్షం తెలుస్తుంది.

కథ ఒక మరతో మొదలవుతుంది. ప్రయాణికుల వ్యోమనౌక కిటికీకి ఒక చిన్న మర వచ్చి తగులుతుంది. తక్కువ ఎత్తు కక్ష్యలో వస్తువు వేగం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లు, ఆ వేగంలో మర తుపాకీ గుండు కన్నా ఘోరం. ఆ ప్రమాదంలో యూరి అనే రష్యన్ తన భార్యను పోగొట్టుకుంటాడు. తర్వాత అతను చెత్త ఏరే ఉద్యోగంలో చేరి, ఆమె దగ్గరుండిన దిక్సూచి కోసం ఏళ్ల తరబడి ఆ చెత్తలోనే వెతుకుతాడు. అంత విశాలమైన శూన్యంలో ఒక మనిషి దుఃఖాన్ని అరచేతిలో పట్టేంత వస్తువులోకి కుదించడం ఈ రచయిత సాధించిన శిల్పం. దీన్ని మాటల్లో చెబితే అతినాటకీయంగా ఉంటుంది. మాటల్లేని పేజీలుగా గీశాడు గనుక నిలబడింది.

నౌక నాయకురాలు ఫీ అనే అమెరికన్ నల్లజాతి స్త్రీ. ఆమె కష్టమల్లా సిగరెట్టు. ప్రాణవాయువును కొలిచి వాడే చోట పొగ తాగడానికి చోటెక్కడిది? ఇది హాస్యంగా మొదలై అసలు సమస్యలోకి దిగుతుంది. మనిషి రోదసికి పోవడాన్నే వ్యతిరేకించే ఒక దళం, ఒక ఉపగ్రహాన్ని ఢీకొట్టించి కక్ష్య మొత్తాన్ని తునకలతో నింపాలని చూస్తుంది. ఫీ తన నౌకనే అడ్డం పెట్టి దాన్ని కిందికి తోసేస్తుంది. నిజ చరిత్రలో జపాన్ నుంచి మొట్టమొదట రోదసికి వెళ్లినవాడు, 1990 డిసెంబరులో, తొయొహిరో అకియామా అనే టీవీ విలేకరి. ఆయనకు కూడా అక్కడ సిగరెట్టు లేని బాధే పెద్దదయిందట. రచయిత ఈ కబురు విని రాశాడనే నా అనుమానం.

1990ల చివరి నుంచి జపాన్‌లో ఇలాంటి కథలు గుంపుగా ఎందుకొచ్చాయి? "మూన్‌లైట్ మైల్", 2001లో "ట్విన్ స్పైకా", 2007లో "స్పేస్ బ్రదర్స్" వరసగా వచ్చాయి. 1955లో హిదేవో ఇతొకావా 23 సెంటీమీటర్ల పెన్సిల్ రాకెట్టుతో మొదలుపెట్టి, 1970 ఫిబ్రవరి 11న ఒసుమీ ఉపగ్రహాన్ని ఎగరేసిన దేశం అది. 1999 నవంబరులో దాని హెచ్-2 రాకెట్టు విఫలమయింది. అంతకు ముందే భూముల ధరల బుడగ పగిలి, జీవితకాలపు ఉద్యోగమన్న భరోసా కదిలింది. ఆ దశాబ్దపు యువకుడికి "రేపు" అనేది రాకెట్టుగా కాక, తక్కువ జీతపు ఉద్యోగంగా కనిపించింది. హచిమాకి సొంత నౌక కొనుక్కోవాలని కలగంటూ, జీతం లెక్కలు వేసుకుంటూ ఉండడంలో ఆ కాలపు వాసన ఉంది.

ఇక ఆ చెత్త సంగతి. ఇది కల్పన కాదు. స్పుత్నిక్‌ను మోసుకెళ్లిన రాకెట్టు భాగమే కక్ష్యలో తొలి చెత్త. 1958 మార్చిలో వెళ్లిన వాన్‌గార్డ్-1 మూగబోయి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. తునక తునకను కొట్టి కొత్త తునకలు పుట్టించే ప్రమాదాన్ని డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కోర్-పలే 1978లోనే లెక్కగట్టి చెప్పారు. 2007 జనవరిలో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని క్షిపణితో కొట్టింది, మూడు వేలకు పైగా ముక్కలయ్యాయి. 2009 ఫిబ్రవరి 10న అమెరికా ఇరిడియం, రష్యా కాస్మోస్ ఉపగ్రహాలు సైబీరియా మీద ఢీకొన్నాయి.

మనమూ తక్కువ తినలేదు. 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సి3 పని సవ్యంగానే పూర్తిచేసింది. కాని దాని నాలుగో దశ డిసెంబరు 19న కక్ష్యలో పేలి మూడు వందలకు పైగా తునకలయింది. అప్పటికి "ప్లానెటెస్" ఇంకా పత్రికలో వస్తూనే ఉంది. 2019 మార్చి 27న "మిషన్ శక్తి" పేర మనదే మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని మనమే కొట్టాం. సుమారు 400 ముక్కలయ్యాయని నాసా అధిపతి ఆక్షేపించాడు. ఎత్తు తక్కువ గనుక చాలా ముక్కలు కొద్ది నెలల్లోనే రాలిపోయాయి. ఆ క్షిపణి తయారీలో హైదరాబాదు ప్రయోగశాలలది ముఖ్యపాత్ర. ఆనాడు ఇక్కడ మిఠాయిలు పంచుకున్నాం. ఊడ్చే పని కూడా మొదలయిన మాట నిజం. 2024 మార్చిలో పీఎస్ఎల్‌వీ-సి58 చివరి దశను కిందికి దించి, వెనక చెత్త మిగలకుండా ఇస్రో ముగించింది. జపాన్‌లో ఆస్ట్రోస్కేల్ అనే సంస్థ పాత రాకెట్టు దశల దగ్గరికి యంత్రాలను పంపిస్తున్నది.

మా యాప్రాల్‌కు తూర్పున జవహర్‌నగర్ ఉంది. నగరం పారేసినదంతా అక్కడికి చేరుతుంది. గాలి ఇటు తిరిగిన సాయంత్రాలు మేం తలుపులు మూసుకుంటాం. ఆ గుట్టల్లో ఇనుమూ ప్లాస్టిక్కూ ఏరి బతికే కుటుంబాలున్నాయి. "ప్లానెటెస్" చదివాక నాకు వాళ్లు గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. వింతేమిటంటే, భూమ్మీద చెత్త ఏరేవాడిని వీధిలో పలకరించని సమాజమే రోదసిలో చెత్త ఏరేవాడిని కథానాయకుడిగా ఒప్పుకుంటుంది. రచయితకు ఈ వైరుధ్యం తెలుసు. అందుకే హచిమాకి బృందాన్ని తక్కిన వ్యోమగాములతో సమానంగా ఎక్కడా నిలబెట్టలేదు.

ఇదే వస్తువు తెలుగులో ఏమయిందో చూద్దాం. 2018 డిసెంబరులో వచ్చిన సంకల్ప్ రెడ్డి చిత్రం "అంతరిక్షం 9000 కేఎంపీహెచ్"లో దారితప్పిన ఒక ఉపగ్రహం ప్రపంచ సమాచార వ్యవస్థకే ముప్పు తెస్తుంది. దాన్ని సరిచేయడానికి కథానాయకుడు రోదసికి వెళతాడు. పారితోషికాలు తప్ప మరేమీ లేక్కచేయని మన వ్యాపార చిత్ర పరిశ్రమలో ఇలాంటి ప్రయత్నమే సాహసం, అది కాదనను. చేసే పని కూడా దాదాపు చెత్త పనే. కాని అక్కడ పని కన్నా పనిచేసేవాడి ప్రతిభ ముఖ్యమయింది, జాతి గౌరవం ముఖ్యమయింది. నెల జీతం, సెలవు, విసుగు, తోటివాడితో తగువు, ఇవేవీ లేవు. ఇవి లేకుండా శ్రమను చిత్రించడం సాధ్యమా?

అయితే "ప్లానెటెస్"ను నెత్తిన పెట్టుకోవలసిన అవసరమూ లేదు. హచిమాకి తర్వాత గురుగ్రహ యాత్రకు ఎంపికవుతాడు. హీలియం-3 కోసం, ఏడేళ్ల ప్రయాణం. ఆ నౌక పేరు "ఫాన్ బ్రౌన్". ఈ పేరు దగ్గర మనం ఆగాలి. వెర్నర్ ఫాన్ బ్రౌన్ వి-2 రాకెట్లు మిట్టెల్‌బౌ-డోరా నిర్బంధ శిబిరంలో తయారయ్యాయి. అక్కడికి తెచ్చిన దాదాపు 60,000 మంది ఖైదీల్లో సుమారు 20,000 మంది చచ్చిపోయారు. వి-2 పడి చచ్చిన వారికన్నా దాన్ని చేస్తూ చచ్చినవారే ఎక్కువ. కథలో ఇంజను రూపశిల్పి పేరు కూడా వెర్నరే. చంద్రుడి మీద తన ఇంజను పేలి వందల మంది చస్తే ఆ మనిషి చలించడు, పని ఆపడు. ఆ పేరు యుకిమురా తెలిసే పెట్టాడు. తీరా పెట్టాక లోతుకు పోలేదు. ఇంధనం ఎవరికి చేరుతుంది, పేద దేశాల వాటా ఎంత అన్న ప్రశ్నలను వ్యతిరేక దళం నోట పలికించి, ఆ దళానికి బాంబులిచ్చి, జవాబు చెప్పే బాధ్యత తప్పించుకున్నాడు. చివరికి నాయకుడికి దొరికేది ప్రేమ. ప్రేమ మంచిదే. మొదటి సంపుటంలోని మరకు అది సమాధానం కాదు.

ఈ విషయంలో "ట్విన్ స్పైకా" పైకి పసిపిల్లల కథలా కనిపించినా ఒక మెట్టు ముందుంది. అందులో ఒక రాకెట్టు ఊరి మీద కూలుతుంది. కథానాయిక అసుమి తల్లి ఆ గాయాలతోనే కొన్నేళ్లకు పోతుంది. రాకెట్టు పనిలో ఉన్న తండ్రిని సంస్థ చచ్చినవారి ఇళ్లకు క్షమాపణ చెప్పడానికి పంపుతుంది. తన ఇల్లే కాలిన మనిషి గడప గడపకూ వెళ్లి తలవంచుతాడు.

మనకు అలాంటి గడపలు లేవా? ప్రయోగకేంద్రం కోసం 1969లో శ్రీహరికోటను ఎంపిక చేశారు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఆ ద్వీపంలో యానాదులు తరతరాలుగా అడవిలో దుంపలూ మూలికలూ ఏరుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికారు. వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మీద ఇంగ్లీషు గ్రంథం 1962లోనే రాశారు గనుక, వారెవరో తెలియదని ఎవరూ అనడానికి లేదు. ద్వీపం కేంద్రానిదయ్యాక చాలామంది ఒడ్డుకు, పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్టు లేచింది. బ్రెజిల్‌లో అల్కాంతరా కేంద్రం కోసం 1980లలో పాత బానిసల వారసులైన కిలొంబోలా ఊళ్లను ఇలాగే కదిలించారు. 2003 ఆగస్టులో అక్కడే రాకెట్టు పేలి 21 మంది పోయారు. ఆర్నెల్లు తిరిగేసరికి, 2004 ఫిబ్రవరి 23న, శ్రీహరికోట ఘన ఇంధన కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు పోయారు. 2005 మే 5న కొత్తగా కట్టిన రెండో ప్రయోగవేదిక మీది నుంచి పీఎస్ఎల్‌వీ-సి6 లేచింది. సూళ్లూరుపేట రోడ్ల మీద జనం ఎప్పటిలాగే నిలబడి చూశారు.