క్యూసెక్కుల లెక్క తెలిసిన మంత్రి

దాళ్వా వంతుల కోసం లాకుల దగ్గర మాటా మాటా అనుకున్నప్పుడల్లా నాకో పెద్దాయన గుర్తొస్తారు. ఆయన గురించి మన పిల్లలకి తెలీదు, మనలో చాలామందికీ తెలీదు. అందుకే కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

చదువుకున్న శాస్త్రవేత్త దేశ నాయకుడయ్యాడంటే అందరం కలాం గారి పేరే చెప్తాం. కానీ కలాం గారు రాష్ట్రపతి కావడానికి దాదాపు నలభై ఏళ్ళ ముందే మన తెలుగాయన ఒకరు ఇంజినీరింగ్ నుంచి ఢిల్లీ మంత్రివర్గంలోకి వెళ్ళారు. ఆయనే డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు. అందరూ కె.ఎల్. రావు అనేవారు.

1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. బళ్ళో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కన్ను చూపు పోయింది. ఆ ఒంటి కంటితోనే మద్రాసు గిండీలో ఇంజినీరింగ్ చదివి, 1939లో ఇంగ్లండు బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. రంగూన్లో పాఠాలు చెప్పారు. తర్వాత మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజినీరు అయ్యారు.

ఆ కాలంలో మద్రాసు ఇంజినీర్ల బల్లల మీదున్న పెద్ద పని ఏంటో తెలుసా? మన పోలవరమే. అప్పట్లో దాన్ని రామపాద సాగరం అనేవారు. ఏటి అడుగున రాయి ఎక్కడో లోతున ఉండటం, ఖర్చు కొండంత కావడంతో అది అప్పటికి పక్కకి పోయింది. మన తాతలు విన్న మాట మన మనవళ్ళ దాకా వచ్చిందంటే మొదలు అక్కడుంది.

తర్వాత కేంద్ర జల విద్యుత్ కమిషన్‌కి వెళ్ళారు. నాగార్జున సాగర్ డిజైన్‌లో ఆయనది పెద్ద చెయ్యి. అంత పెద్ద ఆనకట్టని రాతికట్టుతో కట్టారు, మన కూలీలకి పని దొరికింది. 1962లో విజయవాడ నుంచి ఎంపీ అయ్యారు. 1963 నుంచి పదేళ్ళు నెహ్రూ, శాస్త్రి, ఇందిర, ముగ్గురి దగ్గరా నీటిపారుదల బాధ్యత చూశారు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో పూర్తిచేసిన పాత ఆనకట్ట బదులు ఇప్పటి బ్యారేజీ పని 1970లో మొదలైంది ఆ రోజుల్లోనే. అది 1982కి పూర్తయింది. ఆయన తన జీవిత కథకి పెట్టుకున్న పేరు కూడా 'ది క్యూసెక్స్ కాండిడేట్'. నీళ్ళే ఆయన గుర్తు అన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1972లో ఆయన గంగా కావేరీ అనుసంధానం ప్రతిపాదించారు. పాట్నా దగ్గర 60,000 క్యూసెక్కులు తీసి 2,640 కిలోమీటర్లు దక్షిణానికి తేవాలని. అది జరగలేదు. నీటిని ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తిపొయ్యాలి, దానికి వేల మెగావాట్ల కరెంటు కావాలి. ఖర్చు మొయ్యలేమన్నారు. అంత చదువు, అంత పదవి ఉన్న మనిషికి కూడా కొన్ని పనులు కాలేదండి. అది దాచాల్సిన పని లేదు.

కానీ ఆ ప్రతిపాదనలో ఒక ముక్క మనం పట్టుకోవాలి. ఆయన ఏడాది పొడుగునా తీస్తానన్లేదు. వరద ఉన్న 150 రోజులే అన్నారు. ఏటికి మిగులు అనేది ఏడాదికి చెప్పే మాట కాదు, రోజుల లెక్కన చెప్పే మాట.

మన సంగతి చూడండి. ఆయన 1986 మేలో కన్నుమూశారు. మూడు నెలలకే ఆగస్టులో గోదారి 35 లక్షల క్యూసెక్కులతో వచ్చింది. ఆ వరద మన పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు. అదే గోదారి ఫిబ్రవరి, మార్చిలో సీలేరు నుంచి వదిలితే తప్ప శివారు చేలు తడపలేదు. బ్యారేజీ దగ్గర మూడు టీఎంసీలు కూడా నిలవుండవు మరి. సముద్రంలోకి వృథాగా పోతోంది అనే మాట నిజమే, నీళ్ళు చాలట్లేదు అనే మాటా నిజమే. నెల వేరు, అంతే.

2015లో పట్టిసీమ మోటార్లు మొదలైనప్పుడు నేనూ గింజుకున్నాను, మా శివారు గతేంటని. ఆ నీళ్ళు వెళ్ళేది కృష్ణా డెల్టాకి, అంటే ఆయన పుట్టిన గడ్డకే. వరద రోజుల్లో వెళ్తే మనకొచ్చే నష్టం లేదు, అక్కడి రైతూ మనలాంటోడే. దాళ్వా రోజుల్లో చుక్క కదిలినా మాత్రం అడగాలి. అడగాలంటే లెక్క తెలియాలి.

కృష్ణ మీద పులిచింతలకి ఆయన పేరు పెట్టారు, మంచిదే. మనం ఆయనకి చెయ్యగల గౌరవం ఇంకోటి ఉంది. ఒక క్యూసెక్కు రోజంతా పారితే రెండెకరాల్లో అడుగు లోతు నీరు నిలుస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. మీ కాలువ మొదట్లో ఎన్ని క్యూసెక్కులు వదిలారు, మీ తూము దగ్గరకి ఎన్ని వచ్చాయి, లస్కరుని అడిగి ఓ పుస్తకంలో రాసుకోండి. నీటి మీటింగులో గట్టిగా అరిచినోడి మాట ఆ పూటకే. కాగితం మీద లెక్క ఉన్నోడి మాట మళ్ళీ దాళ్వాకీ పనికొస్తుంది.

ఉంటానండి.