ఏది ఇల్లు? తెలుగు పల్లెల్లో గృహావసరాన్ని లెక్కకట్టిన చరిత్ర

కోస్తాలో తాటాకు ఇల్లు, ఉత్తరాంధ్రలో చుట్టిల్లు, రాయలసీమలో మట్టి మిద్దె, తెలంగాణలో గూన పెంకుల ఇల్లు. నేల, వాన, చేతికి దొరికే కలప, ఆకు, మన్ను వీటి రూపాన్ని నిర్ణయించాయి. ఏడాదికోసారి కప్పు మార్చుకోవడానికో, గోడ మెత్తుకోవడానికో రొక్కం కన్నా ఇంటిల్లిపాది శ్రమ, ఇరుగుపొరుగుల సాయం ఎక్కువగా అవసరమయ్యేవి. ప్రభుత్వ రికార్డుల్లోకి వచ్చేసరికి ఈ తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. ఇల్లు రెండే రకాలయింది: కచ్చా, పక్కా. పల్లెలో ఎవరికి ఇల్లు అవసరం, దాన్ని కట్టుకునే స్తోమత ఎవరికుంది అన్న రెండు ప్రశ్నలకూ ఏడు దశాబ్దాలుగా వెతుకుతున్న సమాధానాలు ఈ విభజన చుట్టూనే తిరిగాయి.

స్వాతంత్ర్యానంతరం కేంద్రం చేసిన తొలి ప్రయత్నంలో స్తోమతే ముందు వచ్చింది. సామాజిక వికాస కార్యక్రమంలో భాగంగా 1957లో మొదలైన గ్రామీణ గృహ పథకం వ్యక్తులకూ సహకార సంఘాలకూ అప్పులిచ్చింది. అప్పు తీర్చగలవాడికే ఇల్లు అన్నది దాని అంతరార్థం. అయిదవ ప్రణాళిక ముగిసేనాటికి దేశం మొత్తంమీద ఆ పథకం కింద తయారైన ఇళ్లు దాదాపు 67,000 మాత్రమే. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. పల్లెలో నివాసస్థలం సాధారణంగా గ్రామకంఠంలో ఉంటుంది. అనుభవమే తప్ప చేతిలో దస్తావేజు ఉండదు. తాకట్టుకు పనికిరాని స్థలం మీద అప్పు పుట్టదు. కూలికుటుంబాల్లో చాలామందికి ఆ అనుభవం కూడా లేదు. వారి గుడిసె నిలిచింది భూస్వామి చేలోనో, చెరువు గట్టునో, పోరంబోకులోనో. కూలి రేటు దగ్గర మాట తేడా వస్తే గుడిసె ఎత్తేయవలసి రావచ్చు.

అందుకే 1971లో భూమిలేని కూలీలకు ఇళ్లస్థలాలిచ్చే పథకం రావడం ఒక మలుపు. 1974లో అది రాష్ట్రాలకు బదిలీ అయింది. ఇంటి కన్నా ముందు స్థలం కావాలని, స్థలం మీద హక్కు లేనిదే గోడకు అర్థం లేదని ప్రభుత్వం తొలిసారి స్పష్టంగా గుర్తించింది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పైకప్పు ప్రశ్నను ముందుకు తెచ్చింది. దాదాపు పదివేలమంది మరణించిన ఆ రాత్రి తర్వాత తాటాకు ఇంటిని పేదరికానికి గుర్తుగా మాత్రమే కాక ప్రాణాపాయంగా కూడా చూడక తప్పలేదు. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. బలహీనవర్గాల కాలనీలు ఊరి అంచుల్లో వరుసలు తీరాయి. 1983 తర్వాత పక్కా ఇల్లు ఎన్నికల వాగ్దానాల్లో స్థిరపడింది.

1985లో కేంద్రం ప్రారంభించిన ఇందిరా ఆవాస్ యోజన తొలుత షెడ్యూల్డు కులాలు, తెగలు, విముక్తులైన వెట్టిచాకిరీ కూలీలకు పరిమితం. 1996 నుంచి అది స్వతంత్ర పథకం. ఇక్కడ అప్పు స్థానంలో గ్రాంటు వచ్చింది. స్తోమత ప్రశ్న తీరిపోయినట్టే అనిపించింది. మైదాన ప్రాంతంలో ఇంటికిచ్చే సాయం 1996లో 20,000 రూపాయలు, 2004లో 25,000, 2008లో 35,000, 2010లో 45,000, 2013లో 70,000. సిమెంటు, ఇనుము, ఇసుక, తాపీమేస్త్రీ కూలి ఈ మెట్లకోసం ఆగలేదు. మట్టి ఇంటికి పనికొచ్చిన ఇంటివారి నైపుణ్యం కాంక్రీటు స్లాబుకు పనికిరాదు. ప్రతి పనికీ రొక్కం కావాలి. సాయానికీ అసలు ఖర్చుకూ మధ్య తేడాను కుటుంబం వడ్డీకి తెచ్చి పూడ్చింది, లేదా పునాది దగ్గరో లింటెల్ దగ్గరో పని ఆపేసింది. స్తోమత ప్రశ్న తీరలేదు. ప్రభుత్వ పద్దులోంచి కుటుంబ పద్దులోకి మారింది.

2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 'ఇందిరమ్మ' పథకం మరో దారి తొక్కింది. మూడేళ్లలో గ్రామాలన్నింటినీ చుట్టి, అర్హులందరికీ ఇళ్లివ్వాలన్నది లక్ష్యం. 'సంతృప్త స్థాయి' అన్న మాట అధికార పరిభాషలో బాగా వాడుకలోకి వచ్చింది. దరఖాస్తుల్లోంచి కొందరిని ఎంచే పద్ధతితో పోలిస్తే ఇది ఉదారమైన ఆలోచన. కానీ గృహావసరం ఒక తేదీన ముగిసేది కాదు. కొడుకుకు పెళ్లయితే మరో కుటుంబం, మరో రేషను కార్డు, మరో ఇల్లు. పైగా లక్ష్యం వేగంగా పరుగెత్తినచోట లెక్క వెనకబడింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆ పథకంలోని అక్రమాలపై సి.ఐ.డి. విచారణకు ఆదేశించింది.

పన్నెండవ ప్రణాళిక కోసం నియమించిన కార్యబృందం దేశంలో గ్రామీణ గృహాల కొరతను 4.36 కోట్లుగా అంచనా వేసింది. అందులో సుమారు తొంభై శాతం పేదలదే. ఆ అంకె లోపలి భాగాలు గమనించదగ్గవి. ఇల్లే లేనివారు 41.5 లక్షలు. తాత్కాలిక గృహాలు రెండు కోట్లకు పైగా. ఒకే కప్పు కింద కిక్కిరిసి ఉండటం వల్ల ఏర్పడిన కొరత 1.13 కోట్లు. మిగిలినదాంట్లో అధికభాగం శిథిలమైన ఇళ్లది. అంటే కొరతలో నాలుగోవంతుకు పైగా ఇరుకుదే. దానికి పైకప్పు రకంతో పనిలేదు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన సాయాన్ని మైదానంలో 1,20,000 రూపాయలకు పెంచింది. లబ్ధిదారుల జాబితాను 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన నుంచి తీసుకుంది. స్థానిక నాయకుల సిఫారసు కన్నా ఇది మెరుగైన ఆధారమే. అయితే ఇల్లు లేకపోవాలి, లేదా రెండు గదులకు మించని ఇంటికి గోడలూ కప్పూ రెండూ కచ్చావై ఉండాలి. ఆ గణనలో చేత్తో చేసిన పెంకు కచ్చా, సిమెంటు రేకు పక్కా. మట్టిగోడల మీద తాటాకు తీసి రేకులు వేసుకున్న కూలికుటుంబం ఆ చిన్న మెరుగుదలతోనే అర్హత కోల్పోయింది. ఒక గదిలో రెండు జంటలు సర్దుకుంటున్నా కప్పు పక్కాదైతే లెక్కలోకి రారు. 2024 వరకు మోటారు సైకిలు, ఫ్రిజ్, చేపల పడవ ఉన్నవారూ అనర్హులుగానే ఉండేవారు. తీరగ్రామంలో పడవ జీవనాధారం. దాన్ని సంపదగా చూసిన నిబంధన 2024లో గాని పోలేదు. కొరత అంచనాయే రాష్ట్రాల వాటాకు ఆధారం కావడంతో, సొంత ఖర్చుతో కప్పులు మార్చుకున్న రాష్ట్రానికి కేంద్రసాయం తగ్గే విడ్డూరమూ ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాలు ఈలోగా రెండు వేర్వేరు జవాబులిచ్చాయి. 2015లో తెలంగాణ 560 చదరపు అడుగుల రెండు పడకగదుల ఇంటిని పూర్తి సర్కారు ఖర్చుతో కట్టిస్తానన్నది. ఇరుకును గుర్తించిన కొలత అది. అయితే ఒక్కో ఇంటి ఖర్చు పెరిగేకొద్దీ అదే డబ్బుతో అందేవారి సంఖ్య తగ్గుతుంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ దాదాపు 30 లక్షల కుటుంబాలకు స్థలాలివ్వడం మొదలుపెట్టింది. పల్లెలో సెంటున్నర స్థలం, 340 చదరపు అడుగుల ఇల్లు, 1,80,000 రూపాయల సాయం. స్థలం మీద మహిళకు హక్కు రావడం 1971 నాటి ఆలోచనకు కొనసాగింపు. కానీ సెంటున్నరలో గేదెను ఎక్కడ కట్టాలి, గడ్డివామి ఎక్కడ వేయాలి అన్నవి మిగిలిపోయాయి. పొలానికీ పనికీ దూరమైన కాలనీలో బతుకు ఖర్చు పెరుగుతుంది. అదీ ఇంటి ఖర్చే. ఏ అంచనాలోనూ చేరదు.

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్ సంపాదనతో లేచిన డాబాలు ఈ చరిత్రకు మరో పార్శ్వం. అక్కడ ఇంటి స్తోమత పల్లె ఆదాయంలోంచి గాక వలసలోంచి వచ్చింది. స్లాబు ఉన్న ఇల్లు గణనలో పక్కాగా నమోదవుతుంది. దాని వెనకనున్న అప్పుకూ, కట్టించినవాడు ఇంటికి దూరంగా గడిపిన ఏళ్లకూ ఆ పట్టికలో గడి లేదు.

పైకప్పును లెక్కించడం తప్పు కాదు. దివిసీమ తర్వాత అది ప్రాణావసరం, కోట్లమంది తలల మీద గట్టి నీడ పడిందీ ఆ లెక్క వల్లనే. అయితే కప్పు బయటికి కనబడుతుంది కనుక లెక్కించడం తేలిక. నేల ఎవరిది, ఒక్కో గదిలో ఎందరు, ఇల్లు పూర్తయ్యాక అప్పెంత మిగిలింది అన్నవి గడప దాటి లోపలికి వెళ్లి అడగవలసినవి. వాటిలో మొదటిదాన్ని 1971లోనే గుర్తించారు, రెండోదాన్ని పన్నెండవ ప్రణాళిక అంచనా పట్టుకుంది. వాటిని అర్హత నిబంధనల్లోకి తేవడమూ, మూడోదాన్ని అడగడమూ రాబోయే గణనల పని.