తుపాను వేరు.. గాలివాన వేరు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు సముద్ర తీరం లేదు. అయినా తుపాను ప్రభావం ఇక్కడికీ చేరుతుంది. వేసవిలో విరుచుకుపడే గాలివానను సైతం పలువురు తుపానుగానే వ్యవహరిస్తుంటారు. నిజానికి ఈ రెండింటి పుట్టుక, తీరు, మిగిల్చే నష్టం వేర్వేరు.

సముద్రంలో పుట్టేది తుపాను

వేడెక్కిన సముద్ర జలాలపై ఏర్పడిన అల్పపీడనం వాయుగుండంగా బలపడుతుంది. గాలుల వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే దానిని తుపానుగా పరిగణిస్తారు. అట్లాంటిక్ తీర దేశాల్లో తీవ్రమైన తుపానునే హరికేన్ అంటారు. ఇది వందల కిలోమీటర్ల మేర విస్తరించి, రోజుల తరబడి కొనసాగుతుంది. తీరం దాటాక తేమ అందక గాలులు బలహీనపడతాయి కానీ వాన వెంటనే తగ్గదు. అందువల్ల ఈ జిల్లాలకు తుపాను అంటే ప్రధానంగా ముసురు, వాగుల పొంగు, పంట నీట మునగడమే. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపాను మరునాడు నాగర్‌కర్నూల్ జిల్లాలో భారీ వర్షాలు కురిపించింది. తుపాను స్థాయికి చేరని అల్పపీడనమూ ముప్పు తేగలదు. 2009 అక్టోబర్ ఆరంభంలో అటువంటి వర్షాలకే కృష్ణా, తుంగభద్ర నదులు ఉప్పొంగి నడిగడ్డలోని అలంపూర్ జలమయమైంది.

నేల వేడికి పుట్టేది గాలివాన

ఏప్రిల్, మే నెలల్లో ఎండకు కాగిన నేలపై తేమ గాలి వేగంగా పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలుగా మారుతుంది. ఇవి పది కిలోమీటర్లకు పైగా ఎత్తు పెరుగుతాయి. సాధారణంగా సాయంత్రం వేళ ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులు, కొన్నిచోట్ల వడగండ్లతో విరుచుకుపడి గంట, రెండు గంటల్లో సద్దుమణుగుతాయి. ఒక ఊరిలో వడగండ్లు పడితే పక్క ఊరిలో చినుకైనా ఉండకపోవచ్చు. మామిడి కాయలు రాలడం, కల్లాల్లో ధాన్యం తడవడం, రేకుల షెడ్లు ఎగిరిపోవడం దీని ఫలితాలే.

ఒకే రోజు రెండూ..

2024 మే 26న ఈ తేడా స్పష్టంగా కనిపించింది. ఆ రాత్రి రెమాల్ తుపాను వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో బెంగాల్ తీరాన్ని దాటింది. అదే సాయంత్రం నాగర్‌కర్నూల్ జిల్లాను గాలివాన కుదిపేసింది. తాడూరు మండలం ఇంద్రకల్ వద్ద నిర్మాణంలో ఉన్న కోళ్లఫారం గోడ కూలి నలుగురు మృతి చెందారు.

హెచ్చరికలోనూ తేడా

తుపాను గమనాన్ని వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే తెలియజేస్తుంది. కోసిన పంటను భద్రపరచుకునే వ్యవధి దొరుకుతుంది. గాలివానకు అవకాశముందని ముందుగా చెప్పగలిగినా, ఏ ప్రాంతంలో విరుచుకుపడేదీ మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ సూచనల్లోనే తేలుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ పిడుగుల సమాచారం అందిస్తుంది. ఉరుము వినిపించిన వెంటనే రైతులు, కాపరులు చెట్ల కింద, గోడల పక్కన నిలవకుండా పక్కా భవనంలోకి చేరడం శ్రేయస్కరం.