‘ఫాలో అప్‌కి రండి’

పాప్ స్మియర్‌లో తేడా కనిపించింది, ఫాలో అప్‌కి రండి అంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఇంకాస్త లోతుగా చూస్తారు, ఏదైనా ఉంటే తీసేస్తారు అని. న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో, 1966 నుంచి కొందరు ఆడవాళ్ళ విషయంలో ఆ రెండోది జరగలేదు. చూశారు. మళ్ళీ చూశారు. అంతే.

అక్కడి గైనకాలజిస్టు హెర్బర్ట్ గ్రీన్. ‘కార్సినోమా ఇన్ సైటు’ (గర్భాశయ ముఖద్వారం పైపొర దాటని మార్పు, ఇప్పటి లెక్కలో సీఐఎన్ 3) క్యాన్సర్‌గా మారదని ఆయన నమ్మకం. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. కానీ నమ్మకాన్ని రుజువు చేయడానికి ఎంచుకున్న దారేమిటి? చిన్న ముక్క తీసి జబ్బు ఖాయం చేసుకోవడం, మిగతాది అలాగే వదిలేసి ఏళ్ళ తరబడి స్మియర్లు తీస్తూ పోవడం. ఇదొక ప్రయోగమని ఆ ఆడవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువగా వెంటాడేది బిల్ మెకిండో. ఆయన పని కాల్పోస్కోపీ: ముఖద్వారం మీద ఎసిటిక్ ఆసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, పూస్తే అనుమానపు చోటు తెల్లబడుతుంది. దాన్ని భూతద్దంలో పెద్దది చేసి చూసి, ముక్క ఎక్కణ్ణుంచి తీయాలో తేల్చాలి. జబ్బు పోలేదని ఆయన కళ్ళారా చూస్తూనే ఉన్నాడు. పెథాలజిస్టు మెక్లీన్‌తో పాటు 1970లలో పైవాళ్ళకి రాతపూర్వకంగా చెప్పాడు కూడా. వినలేదు. చివరికి 1984లో రాన్ జోన్స్ తదితరులతో కలిసి లెక్కలు అచ్చువేశారు: స్మియర్ తర్వాత మామూలైపోయినవాళ్ళు 817 మంది, వారిలో క్యాన్సర్ 12 మందికి. తేడా కొనసాగినవాళ్ళు 131 మంది, వారిలో 29 మందికి.

అప్పుడు కూడా పెద్దగా కదలిక లేదు! 1987లో శాండ్రా కోనీ, ఫిలిడా బంకల్ ‘మెట్రో’ పత్రికలో రాశాకే విచారణ పడింది. జడ్జి సిల్వియా కార్ట్‌రైట్ నివేదిక 1988లో వచ్చింది, దేశవ్యాప్త స్క్రీనింగ్ 1990లో మొదలైంది.

ఇవాళ సీఐఎన్ 1 వస్తే కొన్నాళ్ళు ఆగి చూద్దామంటారు. అది సబబే, చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. సీఐఎన్ 3 అయితే సాధారణంగా ఆగరు. ఆగితే ఏమవుతుందో కచ్చితంగా చెప్పే లెక్క 2008లో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చింది: ముక్క మాత్రమే తీసి వదిలేసిన 143 మందిలో 30 ఏళ్ళకి క్యాన్సర్ 31 శాతం, సరైన చికిత్స అందిన 593 మందిలో 0.7 శాతం. ఆ 143 మంది కేసు కాగితాలూ నేషనల్ విమెన్స్‌వే.