పేరు చెప్పని గిటారు

మన సంగీత కచేరీలు రేడియోలో ప్రసారమయ్యేటప్పుడు గాయకుని పేరుతో పాటు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని కూడా చెప్పడం ఆచారం. పక్కవాద్యం కుదరనిదే పాట రక్తి కట్టదని మనకు తెలుసు. పాశ్చాత్యుల జనప్రియ సంగీతపు రికార్డులకు చాలాకాలం ఈ మర్యాద లేదు. రికార్డు నడుమ అంటించిన కాగితం మీద గాయకుని పేరో, బృందం పేరో మాత్రమే ఉండేది. కూలికి వచ్చి వాయించి వెళ్ళిన వాద్యకారుడు శ్రోతకు అజ్ఞాతుడే. రాక్ అండ్ రోల్ సంగీతాన్ని లోకమంతటా చాటిన పాటే ఇందుకు తార్కాణం.

1954 ఏప్రిల్ 12వ తేదీన న్యూయార్కు నగరంలో, పిథియన్ టెంపుల్ అనే భవనంలో, డెక్కా కంపెనీవారు బిల్ హేలీ బృందం చేత రెండు పాటలు రికార్డు చేయించినారు. మొదటి పాటకే కాలమంతా హరించుకుపోయినది. మిగిలిన కొద్ది వ్యవధిలో రెండవ పాటయైన 'రాక్ అరౌండ్ ది క్లాక్'ను రెండే రెండు పర్యాయాలు పట్టినారు. మొదటిసారి వాద్యాల హోరులో హేలీ గొంతు మునిగిపోయినది. రెండవసారి వాద్యాలను తగ్గించి గాత్రాన్ని స్పష్టంగా పట్టుకొన్నారు. ఆ రెండింటినీ జతపరచి కూర్చినదే లోకం విన్న రికార్డు.

ఆ పాట నడుమ గిటారు ఒంటిగా, మెరుపువలె దూసుకుపోయే ఘట్టం ఒకటి ఉన్నది. దానిని వాయించినవాడు డానీ సెడ్రోన్. 'ఎస్క్వైర్ బాయ్స్' అనే సొంత బృందాన్ని నడుపుకొంటూ, పిలిచినప్పుడు వచ్చి హేలీ రికార్డులకు వాయించేవాడు. ఆనాడు కొత్తగా స్వరం కూర్చుకొనే తీరిక లేదు. అందుచేత 1952లో హేలీ 'రాక్ ది జాయింట్' అనే పాటలో తాను వాయించిన ఘట్టాన్నే మరల ఇక్కడ పలికించినాడు. ఆ రెండు రికార్డులనూ ఒకదాని వెంట ఒకటి వినేవారికి ఒకే చేతివాటం ఇట్టే గుర్తుకు వస్తుంది. 'రాక్ అరౌండ్ ది క్లాక్'ను హేలీ కంటె కొద్ది వారాల ముందే సోనీ డే బృందం వేరొక ఫక్కీలో రికార్డు చేసినది. దానిని కూడా వింటే, సాహిత్యం ఒకటే అయినా ఒక్క గిటారు పాటకు ఎంత ప్రాణం పోసినదో తెలుస్తుంది.

ఆనాటి పనికి సెడ్రోనుకు ముట్టినది 21 డాలర్లు అంటారు. మే నెలలో రికార్డు వెలువడినది కాని, విశేషంగా అమ్ముడుపోలేదు. జూన్ 17వ తేదీన సెడ్రోన్ మెట్ల మీదనుండి పడి, మెడ విరిగి మరణించినాడు. మూడు దినాలు గడిస్తే ఆయనకు ముప్పది నాలుగేళ్ళు నిండేవి. మరుసటి సంవత్సరం 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' అనే చలనచిత్రం ఆరంభంలో ఈ పాటను వినిపించినారు. 1955 జూలైలో అది అమెరికాలో ప్రథమ స్థానానికి ఎక్కి, ఎనిమిది వారాలు అక్కడనే నిలిచినది.

రాక్ అండ్ రోల్ కీర్తిమందిరంలో హేలీకి 1987లో స్థానం లభించినది. ఆయన వెనుక వాయించిన వారికి 2012 దాకా ఆ గౌరవం దక్కలేదు. ఆ జాబితాలో సెడ్రోన్ పేరు కూడా ఉన్నది. ఆయన పోయి అప్పటికి 58 సంవత్సరాలు. పాట ముగిసిన తరువాత పక్కవాద్యం వారి పేరు చెప్పడానికి క్షణకాలం చాలు. ఆ క్షణం కోసం ఈ కళాకారుడు అర్ధశతాబ్దానికి పైగా వేచి ఉండవలసివచ్చినది.