దీపాలార్పి చేసిన పరీక్ష

మైకుసెట్లు బాగుచేసి బతికేవాణ్ణి. దుకాణానికొచ్చే ప్రతి కొత్త స్పీకరు పెట్టె మీదా ‘అసలు గొంతు ఉన్నదున్నట్టు’ అన్న ధీమా కనిపిస్తుంది. ఈ ధీమాకు వందేళ్లు దాటాయి.

1915 నుంచి 1925 వరకు ఎడిసన్ కంపెనీ అమెరికాలో ఊరూరా ‘టోన్ టెస్టులు’ జరిపింది. వేదిక మీద డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫు, పక్కనే ఆ రికార్డులో పాడిన గాయని. ఆమె రికార్డుతో గొంతు కలిపేది, మధ్యలో ఆపేది. పాట మాత్రం సాగేది. తర్వాత దీపాలు ఆర్పేవారు. మళ్లీ వెలిగేసరికి యంత్రం ఒక్కటే పాడుతుండేది. 1916లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో గాయని మేరీ రాపోల్డ్ కూడా ఇలాగే పాడింది.

నిజానికి ఆ రికార్డింగులో మైకే లేదు. పెద్ద బాకాలోకి పాడితే, ఆ ధ్వని ఒత్తిడికి పల్చటి పొర కదిలి, దానికున్న సూది మైనం మీద గాడి గీసేది. బాగా మంద్రంగా ఉన్న ధ్వనులూ, మరీ సన్నగా ఉన్నవీ అందులో పడేవే కావు. మరి జనానికి తేడా ఎందుకు తెలియలేదు? ఆ సభల్లో పాడిన అన్నా కేస్ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది: యంత్రానికి సరిపోయేలా తన గొంతునే మలుచుకుందట!

అమ్మేవాడే పాట ఎంచి, దీపం ఆర్పితే అది పరీక్ష కాదు, ప్రకటన. కొనేముందు మీకు బాగా తెలిసిన పాట పట్టుకెళ్లండి. కాస్త సౌండెక్కువున్నదే బాగున్నట్టు తోస్తుంది కనుక రెండు పెట్టెల్నీ ఒకే సౌండులో పెట్టించి, ఏది ఏదో చూడకుండా వినండి. తేడా తెలియకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.